వీధంతటికీ వచ్చిన పురుడు

అనగా అనగా ఒక ఊరు... ఊరొద్దులే అమ్మడూ, ఊరంటే పెద్దదైపోతుంది, నేను చెప్పేలోపు నువ్వు గుర్రుపెడతావు. ఒక వీధి అనుకుందాం. గోదావరి ఒడ్డున పల్లపు వీధి. పేరుకి తగ్గట్టే పల్లంలో ఉండేది. గోదారమ్మకి కోపమొస్తే ముందు ఆ వీధిలోకే వచ్చేది.

ఊఁ కొట్టు మరి. ఊఁ కొట్టకపోతే నేను చెప్పను.

ఆ వీధిలో అచ్చాయమ్మ అని ఒకావిడ ఉండేది. అందరూ పెద్దమ్మ అని పిలిచేవాళ్ళు. ఆవిడకి మడి ఎక్కువ. పొయ్యిలో పెట్టే కట్టెల్ని కూడా కడిగి పెట్టేది. తడి కట్టెలు అంటుకోవు కదా, పాపం ఆవిడ మొగుడు గొట్టం పట్టుకుని ఊదలేక చచ్చేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ శ్రావణమాసంలో వరలక్ష్మి పూజ ఒక్క ఏడు కూడా తప్పనివ్వలేదని చెప్పుకునేది. చెప్పుకుంటే చెప్పుకుంది గానీ, మనిషి మంచిది. వీధిలో ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు ఆవిడే లేచేది.

ఒక ఏడు వరదొచ్చినప్పుడు ఎవరి బిందెలు వాళ్ళు నింపుకున్నారు. అప్పుడు నీళ్ళు గడప దాటి ఇళ్ళలోకొచ్చాయి. బిందెలు తేలి బోర్లాపడ్డాయి. వీధి కొళాయి మునిగింది, చేతిపంపు మునిగింది. ఎటు చూసినా నీళ్ళే, గొంతు తడుపుకోడానికి గుక్కెడు లేదు. ఎవరింట్లోనో అటక మీద ఒక్క కడవ మిగిలితే, దానికోసం అన్నదమ్ములిద్దరు చొక్కాలు పట్టుకుని కొట్టుకున్నారు. కడవ పగిలింది. ఇద్దరికీ దక్కలేదు.

అది చూసి అచ్చాయమ్మకి సిగ్గేసింది. అందుకని మరుసటి ఏడు ఆషాఢంలోనే అందర్నీ తన అరుగు మీద కూర్చోబెట్టింది. "మళ్ళీ వరదొస్తుంది. రాదనుకుని పడుకోకండి. వీధంతటికీ కలిపి మంచినీళ్ళు ఎక్కడ దాచాలో ఇప్పుడే చెప్పండి," అంది.

ఒకాయన బళ్ళో దాద్దామన్నాడు. బడి ఎత్తులోనే ఉంది, కానీ మధ్యలో కాలవుంది. వరదలో దాన్ని దాటేదెవరు? ఇంకొకాయన ఎవరి అటక మీద వాళ్ళం పెట్టుకుందామన్నాడు. అవి బలం లేని అటకలు, గంగాళం పెడితే గంగాళంతో సహా కిందికొస్తాయి. అప్పుడు వీరాయమ్మ అని, వీధి మధ్యలో ఉన్న ఒకే ఒక్క మేడ ఆవిడది, "మా మేడ ఉంది కదండీ, పైగది ఖాళీయే," అంది.

అందరికీ ప్రాణం లేచొచ్చింది. అవును కదా, మేడుండగా ఇంకో చోటెందుకు!

వీరాయమ్మకి ఒక కొడుకు. లారీ మీద దూరాలు తిరిగేవాడు. కోడలి పేరు నూకరత్నం. కడుపుతో ఉంది. తొలికాన్పు పుట్టింట్లోనే కదా మనకి, శ్రావణం రాగానే వాళ్ళ నాన్నొచ్చి తీసుకెళ్తానన్నాడు. అందుకని నీళ్ళ గురించి మాట్లాడేటప్పుడు ఆ పిల్ల సంగతి ఎవరికీ తట్టలేదు. ఇది గుర్తుపెట్టుకో.

ఆ తర్వాత అచ్చాయమ్మ హడావుడి చూడాలి నువ్వు. ఇంటింటికీ వెళ్ళి గంగాళాలు, కాగులు, కడవలు అడిగి తెచ్చింది. చింతపండు పెట్టి తోమించింది. నీళ్ళు తేరుకోడానికి కడవ లోపల చిల్లగింజ అరగదీయించింది. మూతులకి ఉతికిన గుడ్డ వాసెన కట్టించింది. ఎవరూ చెయ్యి ముంచకూడదని పొడుగు కాడ గరిటె ఒకటి చేయించింది. మేడ కిటికీలోంచి బకెట్టు దించడానికి తాడు కట్టించింది. చేపలు పట్టే సూరిబాబు చేత అరటిబోదెలతో తెప్ప కట్టించింది. ముందు చంటిపిల్లలున్న ఇళ్ళకి, తర్వాత ముసలివాళ్ళకి, ఆ తర్వాత మిగతావాళ్ళకి. అలా వరస కూడా ఆవిడే పెట్టింది.

ఎవరికీ చెప్పడానికి ఒక్క మాట మిగల్చలేదు. వాళ్ళాయన నవ్వుతూ, "వరద రాకపోతే నువ్వే వెళ్ళి పిలుచుకొచ్చేలా ఉన్నావే," అన్నాడు. అచ్చాయమ్మ ఆయన వంక ఒక్క చూపు చూసింది. ఆయన గొట్టం తీసుకుని పొయ్యి దగ్గరికి పోయాడు.

అప్పుడు శ్రావణమొచ్చింది. పైన ఎక్కడో కొండల్లో వానలు. ఇక్కడ మాత్రం చెమటలు కారే ఎండ. ఆ ఎండలోనే ఏరు ఎర్రబడింది, పొంగింది, గట్టు మీదికొచ్చింది. జనం చూస్తూ చూస్తూ ఉండగానే వీధిలోకొచ్చి, అరుగులెక్కి, గడపలు దాటింది. గుమ్మాల్లో మంచం మీద మంచం వేసుకుని జనం వాటి మీద కూర్చున్నారు. నూకరత్నం వాళ్ళ నాన్న ఆ వారమే రావాలి. రోడ్డు తెగిపోయింది. ఆయన అవతలే ఉండిపోయాడు. ఆ పిల్ల అత్తగారింట్లో, మేడ మీద, నీళ్ళ గది పక్క గదిలో ఉండిపోయింది.

మొదటి రోజు అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది. వీరాయమ్మ కంచం మోగించింది. సూరిబాబు తెప్పేసుకొచ్చాడు. పైనుంచి బకెట్టు దిగింది. వరస తప్పకుండా ఇంటింటికీ నీళ్ళొచ్చాయి. ఒక్కళ్ళు అరవలేదు, ఒక్కళ్ళు తోసుకోలేదు. అచ్చాయమ్మ మంచాల మీద కూర్చుని మహారాణిలా చూసింది. అంత గర్వం ఆవిడకి అంతకుముందెప్పుడూ లేదు.

రెండో రోజు పొద్దున్న కంచం మోగలేదు.

జనం చెంబులు పట్టుకుని చూస్తున్నారు. సూరిబాబు తెప్ప మేడ కింద ఆగింది. పైనుంచి బకెట్టు దిగలేదు. ఏమైంది? మేడ కూలుతోందా? కడవలు పగిలాయా?

అప్పుడు కిటికీలోంచి వీరాయమ్మ తల బయటపెట్టింది. జుట్టు రేగిపోయి ఉంది. "నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగానే ఉన్నారు," అంది.

వీధంతా ఒక్కసారి నవ్వింది. ఒకాయన ఈల కూడా వేశాడు. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళ నవ్వూ ఆగిపోయింది.

ఎందుకంటే, బిడ్డ పుడితే ఆ ఇంటికి పురుడొస్తుంది. పది రోజులు మైల. ఇప్పుడెవరూ అంత పట్టించుకోవట్లేదు గానీ, ఆ రోజుల్లో పురుడొచ్చిన ఇంట్లో పక్కింటివాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టేవాళ్ళు కాదు. ఆ ఇంటివాళ్ళు తాగొచ్చు, వాళ్ళ దాయాదులు తాగొచ్చు. వాళ్ళకీ అదే పురుడు కదా, ఒకరి మైల ఒకరికి అంటదు. మిగతావాళ్ళకి మాత్రం ఆ ఇంటి నీళ్ళు పనికిరావు.

వీధి నీళ్ళన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయి.

చూశావా అమ్మడూ? గంగాళాలు తోమారు, వాసెనలు కట్టారు, గరిటె కాడ ఎంత పొడుగుండాలో కూడా మాట్లాడుకున్నారు. చూలాలిని పెట్టుకున్న ఇంట్లో నీళ్ళు పెడుతున్నామని ఒక్కళ్ళు అనుకోలేదు.

అందరూ అచ్చాయమ్మ వంక చూశారు. తాగొచ్చనైనా, కూడదనైనా చెప్పాల్సింది ఆవిడే. చేతిలో ఉన్న ఖాళీ చెంబుని మంచం మీద బోర్లించింది. అంతే. పక్కింటివాళ్ళు బోర్లించారు. వాళ్ళని చూసి ఎదురింటివాళ్ళు బోర్లించారు. సూరిబాబు తెప్ప వెనక్కి తిప్పేశాడు.

నాకైతే ఇక్కడికొచ్చేసరికి ఒళ్ళు మండిపోతుంది. ఎదురుగుండా కడవల కొద్దీ నీళ్ళు. ఎవరూ తాళం వెయ్యలేదు. ఎవరూ కాపలా లేరు. అయినా ఎవరూ ముట్టలేదు.

అప్పుడు వేరే దారులు వెతికారు. ముందు వాన పట్టుకుందామని కప్పుల మీద చీరలు పరిచారు. మబ్బు లేదు, చినుకు లేదు. చీరలు ఎండకి ఫెళఫెళలాడాయి. ఆ తర్వాత సూరిబాబు కొబ్బరిబొండాల కోసం తెప్పేసుకుని తోటకేసి వెళ్ళాడు. వరద వడి తెప్పని గిర్రున తిప్పి వీధి మొదట్లోకి విసిరేసింది. బతికొచ్చాడు, అదే చాలు. ఇక మూడోది. అచ్చాయమ్మ వరద నీళ్ళే కడవలో పోసి, చిల్లగింజ అరగదీసి తేర్చింది. కాచుకోవచ్చు కదా అంటావా? పొయ్యి నీళ్ళలో, కట్టెలు నీళ్ళలో, ఏం పెట్టి కాచేది?

నీళ్ళు తేటగానే వచ్చాయి. చూడ్డానికి అద్దంలా ఉన్నాయి. కానీ ఆ వరద ఎన్ని దొడ్లు కడిగొచ్చిందో, ఎన్ని గొడ్లని ఈడ్చుకొచ్చిందో ఎవరికి తెలుసు? చిల్లగింజ మట్టిని దించుతుంది గానీ రోగాన్ని దించదు కదా.

అచ్చాయమ్మకి ఒక మనవరాలు. బుల్లి. నీకంటే చిన్నది. దాహమని ఏడిస్తే ఆవిడే తన చేత్తో ఆ నీళ్ళు పట్టింది. మధ్యాహ్నానికి బుల్లికి వాంతులు పట్టుకున్నాయి. ఆ తర్వాత విరేచనాలు. సాయంత్రం అయ్యేసరికి పిల్ల గుడ్డపేలికలా వాలిపోయింది. పెదాలు ఎండి చీలాయి. ఏడుద్దామంటే కళ్ళలో నీళ్ళు లేవు.

బుల్లి వాళ్ళమ్మ సత్యవేణి పిల్లని ఒళ్ళో వేసుకుని, "అత్తయ్యగారూ, మేడ మీద నీళ్ళున్నాయండి," అంది.

"ఉన్నాయి," అంది అచ్చాయమ్మ.

"దీనికి రెండు గుక్కలు పడితే..."

అచ్చాయమ్మకి వరలక్ష్మి పూజ గుర్తొచ్చింది. శుక్రవారం ఇంకెంతో దూరం లేదు. పురుటింటి నీళ్ళు ఇంట్లోకొస్తే పూజ లేదు, కలశం లేదు, తోరం లేదు. ఒక్క ఏడు కూడా తప్పని పూజ. ఆవిడ బుల్లి కాళ్ళు రాస్తూ కూర్చుంది. పిల్ల కాళ్ళు చల్లబడుతున్నాయి. భయం అమ్మడూ, ఆవిడకి లోపల ఎంత భయం వేసిందో నేను చెప్పలేను. అటు దేవుడంటే భయం, ఇటు పిల్ల ఏమైపోతుందోనని భయం.

దగ్గరికి జరుగు. దుప్పటి సరిగ్గా కప్పుకో. ఆఁ, చెబుతున్నాను, బుల్లికి ఏమైందో చెబుతున్నాను.

అప్పుడే సూరిబాబు తెప్ప గుమ్మం ముందుకొచ్చింది. "ఆయ్, పెద్దమ్మా, ఇంకో సంగతండి. నూకరత్నం పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదంట. వీరాయమ్మగారు కిటికీలోంచి చెప్పి ఏడుస్తన్నారు."

"పచ్చి బాలింత నీళ్ళు తాగకపోతే ఎలారా? ఎందుకు తాగట్లేదు?"

"నా మూలంగా వీధి వీధంతా ఎండిపోతోంది, వాళ్ళు ముట్టని నీళ్ళు నేనెలా తాగుతానని అంటందంటండి. పిల్లకి పాలు కూడా పడట్లేదంటండి."

అచ్చాయమ్మ బుల్లి పెదాల వంక చూసింది. మేడ వంక చూసింది. పొద్దున్న తను బోర్లించిన చెంబు వంక చూసింది. ఆ తర్వాత దాన్ని చేతిలోకి తీసుకుని లేచింది.

"తెప్ప ఇటు తిప్పు. నేనెక్కుతాను," అంది.

"మీరాండీ? పురుటింటికా?"

"తిప్పరా అంటే!"

లావుపాటి మనిషి. తెప్ప ఆ పక్కకీ ఈ పక్కకీ ఒరిగింది. వీధంతా గుమ్మాల్లోంచి చూసింది. మేడ మెట్లు సగం నీళ్ళలో ఉన్నాయి. చీర నడుముకి దోపుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కింది. నూకరత్నం గదిలోకి వెళ్ళింది. గుమ్మంలో కూడా ఆగలేదు.

నూకరత్నం లేవబోయింది. "రాకండి పెద్దమ్మా, మైల," అంది. గొంతు పీలగా ఉంది.

"పిల్లని ఇలా ఇయ్యి," అంది అచ్చాయమ్మ.

కట్టెలు కడిగి పొయ్యిలో పెట్టే మనిషి, ఆ పొద్దున్నే పుట్టిన పసిగుడ్డుని రెండు చేతుల్లోకీ తీసుకుంది. పిడికిలంత ముఖం. పెదాలు చప్పరిస్తోంది. దాని నుదురు ముద్దుపెట్టుకుంది.

"ఇది నా మనవరాలు. పొద్దున్న ఒక మనవరాలికి నా చేత్తో రోగం తాగించాను. ఇంకో మనవరాలి తల్లిని ఎండబెట్టాను. ఇంక చాలు," అంది. అని ఏడ్చింది. అచ్చాయమ్మ ఏడవడం వీరాయమ్మ అదే మొదటిసారి చూడ్డం.

"అక్కా, శుక్రవారం పూజ..." అని వీరాయమ్మ నసిగింది.

"ముందు నీళ్ళు ముంచవే తల్లీ!"

వీరాయమ్మ పొడుగు కాడ గరిటెతో చెంబు నింపి ఇచ్చింది. అచ్చాయమ్మ నూకరత్నం తల ఎత్తిపట్టి, తాగించింది. మొదటి గుక్క పక్కకి కారిపోయింది. రెండో గుక్క దిగింది. ఆ తర్వాత ఆ పిల్ల చెంబు వదిలితే ఒట్టు. మిగిలిన నీళ్ళు అచ్చాయమ్మ తాగింది.

అప్పుడు కిటికీ దగ్గరికి వెళ్ళింది. పిల్లని అందరికీ కనపడేలా పట్టుకుంది. గొంతెత్తి అరిచింది.

"వినండర్రా! నాకు మనవరాలు పుట్టింది! నాకు పురుడొచ్చింది! నా ఇంటి నీళ్ళు నేను తాగాను. ఈ పురుడు ఇంకెవరెవరికి వచ్చిందో వాళ్ళు చెంబులు పట్టుకుని రండి!"

నీళ్ళు గోడలకి కొట్టుకునే శబ్దం ఒక్కటే. ఎవరూ కదల్లేదు. అచ్చాయమ్మ ఒక్కో గుమ్మం వంకా చూసింది. తన బుల్లికి నీళ్ళు దొరికినట్టే, కానీ మిగతా పిల్లలో? వాళ్ళమ్మలు రాకపోతేనో?

ముందు సత్యవేణి అరిచింది. "నాకూ వచ్చిందండీ! మా అత్తగారికొస్తే నాకు రాదా!"

ఆ తర్వాత ఎదురింటి ముసలాయన మంచాల మీద లేచి నిలబడ్డాడు. "ఒరే సూరీ, నాకూ వచ్చిందిరా. నేను తాతని," అన్నాడు.

అప్పుడు సూరిబాబే తెప్ప మీంచి, "నేను మేనమామనండి! నాకూ వచ్చేసిందండి!" అని కేకేశాడు. మేనమామకి పురుడేంటని నువ్వు అడుగుతావు. ఆవేళ ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఇంక చూసుకో, ఈ గుమ్మంలోంచి పిన్ని, ఆ గుమ్మంలోంచి బాబాయి, కప్పు మీంచి పెదనాన్న. ఒక పూటలో ఆ పసిగుడ్డుకి ఎంతమంది చుట్టాలు పుట్టారో! పోయినేడు కడవ కోసం కొట్టుకున్న అన్నదమ్ములిద్దరూ ఒకే చెంబు పట్టుకుని చెయ్యెత్తారు. కిటికీలోంచి బకెట్టు దిగింది. తెప్ప కదిలింది. మొదటి చెంబు బుల్లికి.

బుల్లి మొదట ఇచ్చింది ఇచ్చినట్టే కక్కేసింది. సత్యవేణి ఏడుస్తూనే ఉప్పూ బెల్లం కలిపి చెంచాతో మళ్ళీ పట్టింది. మళ్ళీ కక్కింది. మళ్ళీ పట్టింది. మూడోసారి లోపల నిలిచింది. తెల్లారేసరికి బుల్లి కళ్ళు తెరిచి, "నానమ్మేదీ?" అంది. నానమ్మ మేడ మీంచి వచ్చి పక్కనే కూర్చుంది. మేడ నీళ్ళు పోసుకున్న కడవ ముందు, ఆ పిల్ల పక్కన, కదలకుండా కూర్చుంది.

ఆ శుక్రవారం పల్లపు వీధిలో ఒక్క ఇంట్లోనూ వరలక్ష్మి పూజ జరగలేదు. కలశం లేదు, తోరం లేదు, శెనగల వాయనం లేదు. అచ్చాయమ్మ ఆ రోజంతా దిగులుగానే ఉంది. ఉండదూ మరి? అన్నేళ్ళ పూజ. అమ్మవారికి కోపమొచ్చిందేమోనని రెండు మూడుసార్లు బుల్లి నుదురు పట్టుకుని చూసుకుంది. నుదురు చల్లగానే ఉంది.

ఆ తర్వాత ఏరు మెల్లగా తగ్గింది. గడప దిగింది, అరుగు దిగింది, గట్టు దిగింది. వీధంతా బురద మిగిలింది. పదకొండో రోజున పురుటి స్నానం. వీధి వీధంతా తలంట్లు పోసుకుంది. పుణ్యాహవాచనం చెయ్యడానికొచ్చిన పంతులుగారు, "పురుడొచ్చిన వాళ్ళు ముందుకి రండి," అన్నారు. తడి తలలతో అందరూ ముందుకొచ్చారు. ఆయన ఒకళ్ళ తర్వాత ఒకళ్ళ మీద నీళ్ళు చల్లుకుంటూ పోతే చెయ్యి నొప్పెట్టింది. "ఇంతమంది దాయాదులేంటమ్మా?" అన్నారు. "మా వంశం పెద్దదండి," అంది అచ్చాయమ్మ.

అదే రోజు, జుట్టు ఇంకా ఆరకుండానే, ఆవిడ మళ్ళీ అందర్నీ అరుగు మీద కూర్చోబెట్టింది. వచ్చే ఏటి వరదకి నీళ్ళెక్కడ దాచాలి? ఈసారి ఒక్కచోటే వద్దనుకున్నారు. మేడ మీద సగం, బడి కాలవకి ఇవతల కొత్తగా కడుతున్న డాబా మీద సగం. కట్టెలు కూడా పైనే, పొయ్యి కూడా పైనే.

అంతా అయ్యాక వెనకనుంచి ఎవరో భయం భయంగా అడిగారు. "పెద్దమ్మా, ఈసారి రెండిళ్ళలోనూ పురుడొస్తేనో?"

అచ్చాయమ్మ ఒళ్ళో పసిపిల్ల నిద్రపోతోంది. ఆవిడ తలెత్తకుండానే చెప్పింది. "వస్తే అందరికీ వస్తుంది. చెంబులు బోర్లించకండి."

కథేమో కంచికి బయల్దేరింది,
వరదేమో కడలికి బయల్దేరింది,
దుప్పటేమో మన మీదికి,
నిద్దరేమో నీ కళ్ళ మీదికి.